జెట్ బోటు బిరడా మీద ఎవరి కన్నూ లేదు

సంపాదకులకు నమస్కారం.

చలికాలం టూరిస్టుల సీజను దగ్గర పడింది కాబట్టి ఈ ఉత్తరం ఇప్పుడే రాస్తున్నాను. జెట్ బోట్లలో అమరం వైపు, వెనక సీటు కిందో వెనక మెట్టు కిందో, అరచెయ్యంత మూత ఒకటి ఉంటుంది. కంపెనీ పుస్తకంలో దాని పేరు క్లీన్ అవుట్ ప్లగ్, మా కుర్రాళ్లు ప్లగ్గు అంటారు, నేను బిరడా అనే రాస్తాను. అది సరిగ్గా కూర్చోకపోతే బోటులోకి నీళ్లు తన్నుకొస్తాయి. ఎక్కేవాళ్లకి అలాంటిది ఒకటుందనే తెలియదు, నడిపేవాళ్లలో చాలామంది దాన్ని డబ్బా మూతలాగే చూస్తారు, చెకింగుకి వచ్చేవాళ్లు దాని ఊసే ఎత్తరు.

నేనుండేది బరంపురంలో. ఇరవై రెండేళ్లుగా బోటు ఇంజిన్లు బాగుచేస్తున్నాను, గోపాలపూర్‌లో మనవాళ్ల వేట పడవల మోటార్లతో పని నేర్చుకుని ఇప్పుడు ఎక్కువగా చిలికా సరస్సు మీద, రంభా వైపు తిరిగే బోట్లు చూస్తున్నాను. మూడేళ్ల కిందట మా ఘాటుకి ఒక సెకండ్ హ్యాండ్ జెట్ బోటు వచ్చింది. అంతకుముందు నాకు తెలిసినవన్నీ అడుగున పంకా తిరిగే బోట్లే. ఈ బోటుతో పడ్డ పాట్లలోంచి తెలిసిందే ఇక్కడ రాస్తున్నాను, పుస్తకంలో చదివి రాస్తున్నది తక్కువ.

జెట్ బోటు తీరు తెలియని వాళ్లకి కొంచెం చెప్పాలి. దీనికి పంకా బయట వేలాడదు. బోటు అడుగున ఇనప జల్లెడ బిగించిన కిటికీ ఒకటి ఉంటుంది, నీళ్లు అందులోంచి లోపలి గొట్టంలోకి పోతాయి, ఇంజిను తిప్పే లోపలి పంకా, దాన్నే ఇంపెల్లర్ అంటారు, ఆ నీటిని పట్టి వెనక మూతిలోంచి బలంగా బయటికి కొడుతుంది, ఆ తోపుకే బోటు ముందుకి పోతుంది. ఆ మూతిని పక్కకి తిప్పితే బోటు తిరుగుతుంది. న్యూజిలాండ్‌లో బిల్ హామిల్టన్ అనే ఆయన 1950లలో, రాళ్లూ ఇసక మేటలూ నిండిన లోతులేని ఏళ్లలో నడపడానికి దీన్ని పనికొచ్చేలా తయారుచేశాడు. ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ 1977లో ఇలాంటి మూడు బోట్లు వేసుకునే సముద్రం నుంచి గంగలో ఎగువకి వెళ్లాడు. చిలికా లాంటి చోటికి ఇది నిజంగా మంచి బోటు, ఎందుకంటే ఇక్కడ చాలాచోట్ల నీళ్లు నడుం లోతు కూడా ఉండవు, పైగా పంకా బయట లేదు కాబట్టి సరస్సులో తిరిగే ఇరావతి డాల్ఫిన్లకి దెబ్బ తగిలే భయం తక్కువ. జెట్ బోట్లు వద్దని నేను అనడం లేదు, ఇంకా రావాలనే నా కోరిక.

కానీ నీటితో పాటు నీళ్లలో ఉన్నదంతా ఆ గొట్టంలోకే పోతుంది. 2000 సెప్టెంబరులో చిలికాకి కొత్త మొగ తవ్వి సముద్రంలోకి దారి ఇచ్చాక మంచినీటి కలుపు తగ్గింది, ఉప్పునీటి గడ్డి మాత్రం బాగా పెరిగింది. దానికి తోడు తెగిన వల ముక్కలు, నైలాన్ తాళ్లు, చిప్స్ ప్యాకెట్లు. ఇవి ఇంపెల్లర్ షాఫ్టుకి చుట్టుకుంటే ఇంజిను గోలపెడుతుంది తప్ప బోటు కదలదు. అప్పుడు నీళ్లలోకి దిగి బోటు కిందకి దూరక్కర్లేకుండా, పైనుంచే చెయ్యి పెట్టి చెత్త లాగడానికి ఆ గొట్టానికి పైకి ఒక దారి వదిలారు. ఆ దారిని మూసేదే బిరడా. సముద్రం మీద, శుభ్రమైన నీళ్లలో నడిపేవాడు దాన్ని వారానికి ఒకసారి తీస్తాడేమో, మా దగ్గర సీజనులో రోజుకి ఏడెనిమిది సార్లు తీస్తాం. తీసిన ప్రతిసారీ మళ్లీ పెట్టాలి, అదీ ఊగే బోటులో, తడి చేతులతో, వెనకాల టూరిస్టులు ఇంకెంతసేపు అని అడుగుతుంటే.

పోయిన జనవరిలో ఒక ఆదివారం జరిగింది చెప్తాను. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన కుటుంబం, ఎనిమిది మంది, అందులో ఇద్దరు చిన్నపిల్లలు. ఇంజినులో ఏదో చప్పుడు వస్తోందని ఓనరు గారు చెప్పడంతో వినడానికి నేనూ ఎక్కాను. దీవి చూసి తిరిగొస్తుంటే వలకట్ల మధ్య గడ్డి పట్టింది. హెల్పర్ కుర్రాడు బిరడా తీశాడు, మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు గడ్డి లాగాడు, మళ్లీ పెట్టి తిప్పాడు. బిగిసిందా అని అడిగితే "బిగించేశానన్నా" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు, పిడి నిజంగానే చివరిదాకా తిరిగింది. బోటు అందుకుంది. ఘాటు కనపడుతుండగా ఎదురుగా నాటుపడవ ఒకటి అడ్డం వస్తే నడిపే అబ్బాయి ఒక్కసారిగా థ్రాటిల్ వదిలేశాడు, మరుక్షణం వెనక సీటు కింద ఢామ్మని చప్పుడు. సీటు పలక లేచింది, దాని సందులోంచి మనిషెత్తు నీళ్లు.

అందరూ ఒకేసారి ముందుకి పరిగెత్తారు, ఒక పిల్ల కిందపడింది. నీటి ధార రెండు క్షణాల్లో తగ్గిపోయింది, దాంతో ప్రమాదం అయిపోయిందనుకున్నాం. నాటుపడవలోని పెద్దాయన, మా గోపాలపూర్ వాడే, అక్కడినుంచే అరిచాడు, "ఒరేయ్, అమరం దిగిపోతోంది చూసుకోండి" అని. అప్పుడు వెనక్కి చూస్తే నీళ్లు చప్పుడు లేకుండా గొట్టం అంచు మీదుగా లోపలికి పొర్లుతున్నాయి. మా బోటులో బిరడా కూర్చునే ఆ గొట్టం మూతి తెరుచుకునేది వెనక సీటు కింద పెట్టెలోకి, ఆ పెట్టెలో పడ్డ నీళ్లు సూటిగా ఇంజిను గదిలోకి పోతాయి. బిరడా ఎక్కడ పడిందో కనపడలేదు. ఒక లైఫ్ జాకెట్ మడిచి గొట్టంలో కుక్కి మోకాలు పెట్టి నొక్కి పట్టుకున్నాను. అక్కడ నీళ్లు ఛాతీ లోతే, గెడలతో పక్కకి తోసుకొచ్చి అందర్నీ దించాం. ఎవరికీ ఏమీ కాలేదు. లోతైన చోట, చీకటి పడ్డాక అయితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

బిరడా ఆ సాయంత్రం ముందు సీటు కింద దొరికింది. దాని చుట్టూ ఉండే రబ్బరు రింగుని టార్చి వేసి చూశాను. రింగుకి అడ్డంగా ఒక నైలాన్ పోగు, వల ముక్కలోంచి ఊడినది, తల వెంట్రుక కంటే కొంచెం లావు, రబ్బరులోకి దిగి గాడి పెట్టింది. దాని పక్కన నాలుగైదు ఇసక రేణువులు. పిడి తిరిగే చోట, లాకు పట్టుకునే పంటి కింద కూడా ఇసక చేరి ఉంది. అంటే పిడి తిరిగింది కానీ పన్ను పూర్తిగా గాడిలో పడలేదు. కుర్రాడి చేతికి బిగిసినట్టే తగిలింది, బిగిసింది ఇసక మీద.

థ్రాటిల్ వదిలినప్పుడే ఎందుకు ఎగిరిందో కూడా చెప్పాలి, ఇది చాలామంది డ్రైవర్లకి తెలియదు. బోటు ఎత్తుకునేటప్పుడు ఇంపెల్లర్ నీటిని లాగుతుంటుంది కాబట్టి బిరడా కిందకే లాగబడుతుంది, వదులుగా ఉన్నా కదలదు. వేగంలో ఉండగా థ్రాటిల్ ఒక్కసారిగా వదిలితే ఇంపెల్లర్ నీటిని తీసుకోవడం తగ్గుతుంది, బోటు మాత్రం అదే జోరులో పోతుంటుంది, ముందున్న నీళ్లు కిటికీలోంచి దూసుకొచ్చి పోయే దారి లేక బిరడాని పైకి పొడుస్తాయి. లెక్క వేస్తే 10 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న బిరడా మీద గంటకి 20 కిలోమీటర్ల వేగంలో గరిష్ఠంగా 12 కిలోల దాకా తోపు పడొచ్చు. 40 కిలోమీటర్లకి అది 49 కిలోలు. వేగం రెండింతలైతే తోపు నాలుగింతలు. పంటి కొసతో ఆగిన బిరడా దానికి ఎక్కడ నిలబడుతుంది?

ఇక రెండో సంగతి బరువు. ఆ గొట్టం మూతి బోటు ఆగినప్పుడు నీటి మట్టానికి పైనే ఉండేలా కట్టడం మామూలు పద్ధతి, నీళ్లలో ఉండగానే తీసి శుభ్రం చేసుకోవాలి కదా. కానీ ఆ కొలత బోటుకి చెప్పిన బరువుకే. ఇద్దరు ఎక్కువ ఎక్కి, అందరూ ఫొటోల కోసం వెనక చేరితే అమరం దిగుతుంది, మూతి నీటి కిందకి పోతుంది. 10 సెంటీమీటర్ల కన్నం నీటి మట్టానికి 5 సెంటీమీటర్లు కిందకి పోతే చాలు, నిమిషానికి సుమారు 280 లీటర్లు లోపలికి వస్తాయి. వచ్చిన నీళ్లు అమరంలోనే చేరి దాన్ని ఇంకా కిందకి దించుతాయి, 30 సెంటీమీటర్లు దిగేసరికి నిమిషానికి 680 లీటర్లు. చిన్న బోట్లలో అడుగున చేరిన నీళ్లు తోడడానికి పెట్టే బిల్జ్ పంపు, గంటకి 500 గ్యాలన్లు అని రాసి ఉంటుంది చూడండి, అది తోడేది నిమిషానికి 31 లీటర్లే. పంపు ఉంది కదా అని ధైర్యంగా కూర్చోడానికి లేదు. పంపు చిన్న ఊటకి. బిరడా ఊడితే మొదట కన్నం మూయాలి, జనాన్ని ముందుకి, అణియం వైపుకి జరపాలి, తర్వాతే పంపు.

ఊడిపోవడానికి చాలా ముందే బిరడా ఒక గుర్తు చూపిస్తుంది, మేం దాన్ని నెలరోజులు తప్పుగా అర్థం చేసుకున్నాం. రింగు సరిగ్గా పట్టకపోతే బోటు ఎత్తుకునేటప్పుడు ఆ సందులోంచి గాలి లోపలికి లాగబడుతుంది. ఇంపెల్లర్ నీటికి బదులు గాలి కలిసిన నురగని కొడుతుంది. ఇంజిను స్పీడు పెరుగుతుంది, బోటు వేగం పెరగదు, వెనక సన్నగా వణుకు వస్తుంది. గడ్డి పట్టినప్పుడూ అచ్చం ఇలాగే ఉంటుంది. అందుకని మావాళ్లు బోటు ఆపి బిరడా తీస్తారు, చూస్తే గడ్డి ఉండదు, మళ్లీ పెడతారు. ఆ తీసి పెట్టడంలో ఇంకాస్త ఇసక చేరుతుంది. జనవరికి ముందు ఓనరు గారు చెప్పిన చప్పుడు ఇదే అని నాకు తర్వాత తెలిసింది, అది విని నేను బేరింగు అనుకుని షాఫ్టు విప్పడానికి సిద్ధపడ్డాను. కాబట్టి గడ్డి లేకుండానే బోటు జారినట్టు అనిపిస్తే ముందు రింగు చూడండి.

ఇప్పుడు మేం ఏం చేస్తున్నామో రాస్తాను, ఖర్చు పెద్దగా ఏమీ కాదు. ఇంజిను ఆపి, తాళం చెవి తీసి బిరడా తీసేవాడే జేబులో వేసుకుంటాడు, చెవి బోటుకి ఉండగా చెయ్యి గొట్టంలో పెట్టనివ్వను. మూతి అంచుని, రింగుని, పంటి గాడిని మూడింటినీ పొడి గుడ్డతో తుడుస్తాం, గాడి కోసం పాత టూత్ బ్రష్ ఒకటి దారంతో కట్టి ఉంచాం. తర్వాత రింగు చుట్టూ వేలు తిప్పి చూడాలి, కంటికి కనపడని పోగు వేలికి తగులుతుంది. పిడి తిరిగాక దాన్ని పట్టుకుని పైకి గట్టిగా లాగి చూడాలి, ఒక్క లాగుడు చాలు. ఆ పని హెల్పర్ చేశాక డ్రైవరు కూడా వచ్చి ఒకసారి చెయ్యి వేసి చూడాలని పెట్టాం. మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు అలవాటైంది.

గ్రీజు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బిరడా బిగుతుగా ఉందని మా కుర్రాడొకడు బండి చక్రాలకి వాడే గ్రీజు రాశాడు. నల్లటి రింగులన్నీ ఒకటి కాదు, కొన్ని రకాల రబ్బరు పెట్రోలియం గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఉబ్బిన రింగు గాడిలోంచి బయటికి ముడత పడుతుంది, దాని మీద బిరడా పెట్టి తిప్పితే తెగుతుంది. చూసి ఏ రబ్బరో చెప్పలేం కాబట్టి సిలికాన్ గ్రీజు రాయడమే క్షేమం, అదీ మెరుపు కనపడేంత, పూత పూసినట్టు కాదు, ఎక్కువైతే అదే ఇసకని పట్టుకుంటుంది. రింగు ఎండకి, నొక్కుడుకి పలకబారుతుంది, గుండ్రంగా ఉండాల్సినది అప్పడం అంచులా చదునైతే ఇక పనికిరాదు. చదును కాలేదని కూడా ఆగకుండా నేను సీజనుకి ఒకటి మారుస్తున్నాను, సైజు సరిగ్గా అదే ఉండాలి, పంపు మెకానిక్ దగ్గర దొరికిన దగ్గరి సైజు వేసి నడిపించకండి.

విదేశాల్లో జెట్ బోట్లున్నవాళ్లు ఈ బిరడా ఎగరకుండా విడిగా రెండో తాళం కొని బిగించుకుంటారు. మాకు అది దొరకలేదు, బరంపురంలో లేతు షాపులో స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ ఒకటి చేయించాను, బిరడా మీదుగా అడ్డంగా పడి రెండు పక్కలా పిన్నుతో ఆగుతుంది. పిన్నుకి ఎర్ర రిబ్బను కట్టాం, రిబ్బను వేలాడుతూ కనపడితే పిన్ను పెట్టలేదని దూరం నుంచే తెలుస్తుంది. బిరడాకి చిన్న తాడు కూడా కట్టాం, ఎగిరినా సీటు కింద వెతుక్కునే పని లేకుండా. తాడు గొట్టంలోకి జారి ఇంపెల్లర్‌కి అందనంత పొట్టిగా ఉండాలి, ఇది మర్చిపోవద్దు. స్పేర్ బిరడా ఒకటి డ్రైవరు సీటు దగ్గర ఉంటుంది. ఇసక మేట తగిలి బోటు కుదుపు తిన్న రోజున మాత్రం బిరడాతో ఆగకుండా అది కూర్చునే ఫైబరు మూతి చుట్టూ చూడాలి, వెంట్రుకవాసి చీలిక ఉన్నా బోటు ఒడ్డుకి ఎక్కించాల్సిందే. చీలిన మూతిలో కొత్త రింగు వేసి లాభం లేదు.

ఇది టూరిస్టు బోట్లకే సరిపోయే సంగతి కాదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ శ్రీకాకుళాన్నీ గజపతి జిల్లానీ ఎలా ముంచిందో మీ పాఠకులకి నేను చెప్పక్కర్లేదు. వరద నీళ్లలో తీగలూ కంచెలూ పంకాకి తగులుతాయి కాబట్టి సహాయానికి జెట్ బోట్లు నయం అని ఎవరైనా అంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ వరద నీళ్లలో గడ్డి, చీర ముక్కలు, గోనెసంచులు అన్నీ కొట్టుకొస్తాయి, అక్కడ బిరడా రోజుకి ఎనిమిది సార్లు కాదు, గంటకి ఎనిమిది సార్లు తీయాల్సి రావచ్చు. బోటు నిండా జనం, రాత్రి, వాన. అలాంటి చోట పనిచేసే కుర్రాళ్లకి బిరడా తీయడం పెట్టడం ముందే చీకట్లో చేతులతో అలవాటు చేయించాలి.

పోయిన సీజనులో మా ఘాటుకి తనిఖీకి వచ్చిన వాళ్లు లైఫ్ జాకెట్లు లెక్కపెట్టారు, ఇంజిను నంబరు రాసుకున్నారు, మంట ఆర్పే సిలిండరు తేదీ చూశారు. అవన్నీ చూడాల్సినవే. బిరడా చూపించమని అడగలేదు, జనవరి సంగతి నేనే చెబితే అది ఓనరు చూసుకోవాల్సిందని అన్నారు. 1917 నాటి చట్టాన్ని తీసేసి 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం తెచ్చారు, బోటు సర్వే దాని కిందే జరగాలి. జెట్ బోటు సర్వే అంటే బిరడా తీయించి, రింగు చూసి, పెట్టించి, నిండు బరువుతో బోటు నీళ్లలో నిలబెట్టి గొట్టం మూతి నీటికి ఎంత పైన ఉందో కొలవాలి. పావుగంట పని. ఆ కొలత దగ్గర బోటు పక్కన రంగుతో ఒక గీత గీస్తే, గీత మునిగిందంటే జనం ఎక్కువయ్యారని పిల్లలు కూడా చెప్పగలరు.

ఇంకొకటి భాష. కంపెనీ పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, ఘాటు మీద బోర్డులు ఒడియాలో ఉంటాయి, బోట్లలో పనిచేసే మా కుర్రాళ్లలో చాలామంది ఇళ్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లు, ఒడియా మాట్లాడతారు కానీ చదవడం అందరికీ రాదు. నేను రెండు భాషల్లో ఒక కాగితం రాసి బొమ్మలు గీయించి, లామినేషన్ చేయించి వెనక సీటు పలక లోపలి వైపు అతికించాను, పలక ఎత్తగానే కళ్లకి ఎదురుగా ఉంటుంది. గంజాం, గజపతి జిల్లాల్లో గానీ శ్రీకాకుళం తీరంలో గానీ జెట్ బోటున్నవాళ్లు ఎవరడిగినా ఆ కాగితం కాపీ, స్టీలు పట్టీ కొలతలు ఇస్తాను, నా నంబరు మీ ఆఫీసుకి విడిగా పంపుతున్నాను. కార్తీక పున్నమికి ఒడియావాళ్లు తెల్లవారుజామున చిన్న పడవలు నీళ్లలో వదులుతారు, ఆ రోజు నుంచే మా ఘాటులో జనం పెరుగుతారు. సర్వే వాళ్లు ఆలోపు ఒక్కసారి వచ్చి ప్రతి జెట్ బోటుకీ వెనక సీటు పలక ఎత్తించి చూడాలని నా విన్నపం.

ఇట్లు,
ఒక బోటు మెకానిక్,
బరంపురం, గంజాం జిల్లా